కొవ్వొత్తి పోశారు సరే.. వెలిగించి చూశారా?

ఇంట్లో కొవ్వొత్తులు పోయడం ఇప్పుడు చాలా కుటుంబాల్లో ఓ సరదా. పిల్లలకు సెలవులిస్తే అదో కాలక్షేపం. దీపావళి దగ్గర పడుతోందంటే కిలో మైనం, నాలుగు రంగులు, ఓ సెంటు సీసా ఇంటికి వచ్చేస్తాయి. గృహప్రవేశానికో, సీమంతానికో వచ్చినవారికి రిటర్న్ గిఫ్టుగా ఇచ్చే చిన్న గాజు గ్లాసులోనూ ఇప్పుడు కొవ్వొత్తే కనిపిస్తోంది. కొందరు మహిళలు ఇంట్లోనే చేసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో అమ్ముతున్నారు కూడా. చేతిపని నేర్చుకోవడం, దానితో నాలుగు డబ్బులు సంపాదించుకోవడం రెండూ మంచివే. వద్దని చెప్పడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదు. ఒక్క ప్రశ్న అడగడానికి రాస్తున్నాను. మీరు చేసిన కొవ్వొత్తిని మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారైనా వెలిగించి చూశారా?

చాలామంది చూడరు. అచ్చులోంచి చక్కగా ఊడి వచ్చిందా, పైభాగం నున్నగా ఉందా, వాసన బాగుందా.. అంతవరకే చూసి రిబ్బను కట్టేస్తారు. ఎవరింట్లోనో, ఏ మంచం పక్కనో, పిల్లలు నిద్రపోయే గదిలోనో అది మొదటిసారి వెలుగుతుంది. అంటే పరీక్ష జరుగుతున్నది వాళ్లింట్లో అన్నమాట. పరీక్షించని మందును మేం రోగికి ఇవ్వం. నిప్పుతో వాడే వస్తువుకూ అదే నియమం ఉండాలన్నది నా అభిప్రాయం. వెలిగించి చూడని కొవ్వొత్తి తయారీ ఇంకా పూర్తి కానట్టే.

అసలు పని వత్తిదే

మన తెలుగు మాటలోనే విషయమంతా ఉంది. కొవ్వు, వత్తి కలిస్తే కొవ్వొత్తి. ఒకప్పుడు జంతువుల కొవ్వుతో చేసేవారు. ఇప్పుడు పెట్రోలియం నుంచి వచ్చే పారఫిన్ మైనం, సోయా మైనం, తేనెమైనం వాడుతున్నాం. కొవ్వు స్థానంలో ఏది వచ్చినా వత్తి మాత్రం అలాగే ఉంది.

నేరుగా మండేది మైనపు ముద్ద కాదు. మంట వేడికి కరిగిన మైనం వత్తి పోగుల సందుల్లోంచి పైకి పాకుతుంది. కొస దగ్గర ఆవిరిగా మారుతుంది. మండేది ఆ ఆవిరి. ఈ చిన్న విషయంలో ఎంత సైన్సు ఉందో మైకేల్ ఫారడే 1860-61 క్రిస్మస్ సెలవుల్లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకు వివరించారు. ఒక్క కొవ్వొత్తి మీదే ఆరు ఉపన్యాసాలు ఇచ్చారు.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించేటప్పుడు పైపుకు చిన్న చక్రం లాంటి రెగ్యులేటర్ ఉంటుంది, చూసే ఉంటారు. నిమిషానికి ఎన్ని చుక్కలు పోవాలో అది నిర్ణయిస్తుంది. కొవ్వొత్తిలో ఆ పని వత్తిది. మరీ లావైతే మంటకు మైనం ఎక్కువగా అందుతుంది. అంత మైనపు ఆవిరిని పూర్తిగా కాల్చడానికి చుట్టూ ఉన్న గాలి చాలదు. మంట పొడవుగా లేస్తుంది, రెపరెపలాడుతుంది, మసి కక్కుతుంది, గాజు మాడిపోయేంత వేడెక్కుతుంది. మరీ సన్నమైతే మైనం చాలక మంట చిన్నబోతుంది. మధ్యలో బావిలా గుంత పడి, చుట్టూ మైనం గోడలా మిగిలిపోయి, చివరకు వత్తి ఆ గుంతలో మునిగి ఆరిపోతుంది.

ఇదంతా మన పెద్దవాళ్లకు కొత్త కాదు. ప్రమిదలో వత్తి ఎంత లావుండాలో, కొస ఎంత బయటకు ఉండాలో మన అమ్మమ్మలకు చేతి వేళ్లకే తెలుసు. దీపం కొడిగడితే పుల్లతో ఆ నల్లటి కొసను దులిపేవారు. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి, పట్టిన మసితో కాటుక చేసిన ఇళ్లూ ఉన్నాయి. దీపం మసి కక్కుతుందని వాళ్లకు కళ్లారా తెలుసు. సువాసన కొవ్వొత్తి అనగానే మనం ఆ సంగతి మరిచిపోతున్నాం.

ఏ వత్తి వాడాలి?

పురికొస, కుట్టుమిషన్ దారం, ఊలు, నైలాన్ దారం.. చేతికి ఏది దొరికితే అది వత్తిగా వేసేస్తుంటారు. నైలాన్, పాలిస్టర్ దారాలు కరిగి ముద్దవుతాయి. వాటిని అసలు వాడొద్దు. కొవ్వొత్తుల కోసమే అల్లిన నూలు వత్తులు సైజుల వారీగా దొరుకుతాయి. జడలా అల్లిన వత్తికి ఓ సుగుణం ఉంది. కాలుతున్న కొద్దీ కొస కాస్త వంగి, మంట అంచుకు చేరి తనంతట తానే కాలి బూడిదవుతుంది. ఫ్రాన్స్‌లో కాంబసెరెస్ అనే ఆయన 1825లో ఈ అల్లిక తెచ్చేదాకా కొవ్వొత్తి వెలిగించినవారు తరచూ కత్తెర పట్టుకుని కూర్చోవాల్సి వచ్చేది.

గ్లాసు లోపలి వెడల్పును బట్టి వత్తి సైజు ఎంచుకోవాలి. ఎత్తును బట్టి కాదు. అమ్మేవారి పట్టికలో సైజు ఉంటుంది కానీ దాన్ని తొలి అంచనాగానే తీసుకోండి. మైనం రకం, రంగు, సెంటు మారితే సరిపోయే వత్తి కూడా మారుతుంది. నిన్న మల్లె వాసనతో బాగా వెలిగిన వత్తి ఈరోజు దాల్చినచెక్క వాసనతో మసి కక్కొచ్చు.

లోపల లోహపు తీగ ఉన్న వత్తులు కొనకండి. ఒకప్పుడు వత్తి నిటారుగా నిలవాలని సీసపు తీగ పెట్టేవారు. అది మండితే సీసం గాలిలో కలుస్తుంది. అందుకే అమెరికా 2003లో అలాంటి వత్తులను నిషేధించింది. ఇప్పుడు తీగ అవసరమైన చోట జింకు వాడుతున్నారు. అయినా ఊరూపేరూ లేని ప్యాకెట్‌లో ఏ తీగ ఉందో మనం ఎలా చెప్పగలం? సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత మోతాదు వరకు ఫరవాలేదని చెప్పగలిగే హద్దు దానికి లేదు. ఇంట్లో ఇప్పటికే అలాంటి వత్తులుంటే కొస విప్పి తీగను తెల్లకాగితం మీద రుద్దండి. పెన్సిల్‌లా బూడిదరంగు గీత పడితే అది సీసమై ఉండొచ్చు. వెంటనే పారేయండి.

వత్తి పెట్టే ముందు దాన్ని కరిగిన మైనంలో ఒకటి రెండు నిమిషాలు ముంచి, తీసి, నిటారుగా లాగి ఆరబెట్టండి. పోగుల్లోని గాలి, తేమ పోయి సమంగా వెలుగుతుంది. అడుగున రేకు బిళ్ల బిగించి, గ్లాసుకు సరిగ్గా మధ్యలో అతికించండి. వత్తి పక్కకు జరిగితే గాజు ఓ వైపే వేడెక్కి పగలొచ్చు.

పరీక్ష ఎలా చేయాలి?

ఒకే మైనం, ఒకే సెంటు, ఒకే రకం గ్లాసు తీసుకుని మూడు కొవ్వొత్తులు పోయండి. ఒకదాంట్లో పట్టికలో చెప్పిన సైజు వత్తి, ఇంకోదాంట్లో ఒక సైజు చిన్నది, మూడోదాంట్లో ఒక సైజు పెద్దది పెట్టండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మందు మోతాదు, మందు రకం ఒకేసారి మారిస్తే దేనివల్ల గుణం కనిపించిందో మాకు తెలియదు కదా! ఇక్కడా అంతే.

గట్టిపడగానే వెలిగించొద్దు. పారఫిన్ అయితే రెండు మూడు రోజులు, సోయా మైనమైతే వారం నుంచి రెండు వారాలు ఆగాలి. ఆ తర్వాత వత్తిని పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్లకు కత్తిరించండి. స్టీలు పళ్లెంలో పెట్టి, ఫ్యాను ఆపి, చుట్టూ అడుగు దూరంలో కర్టెన్లు, కాగితాలు, బట్టలు లేకుండా చూసుకుని వెలిగించండి. వెలిగించినవారు గదిలోనే ఉండాలి.

గ్లాసు లోపలి వెడల్పు ఎన్ని అంగుళాలైతే సుమారుగా అన్ని గంటలకు కరిగిన మైనం అంచు దాకా చేరాలి. మూడు అంగుళాల గ్లాసుకు మూడు గంటలు. కరిగిన మైనం లోతు అర అంగుళం దాటకూడదు. గంటకోసారి చూసి నోటు పుస్తకంలో రాయండి. మంట నిలకడగా ఉందా, ఎత్తు ఎంత, పొగ కనిపిస్తోందా, గాజు అంచున నల్లగా పట్టిందా, వత్తి కొసన పుట్టగొడుగులా నల్లని ముద్ద కట్టిందా.. ఇవి చూస్తే చాలు. మసి, ముద్ద, ఎగిసే మంట ఉంటే వత్తి సైజు తగ్గించాలి. మంట మునిగిపోతూ మధ్యలో గుంత పడుతుంటే పెంచాలి.

నాలుగు గంటలకు మించి ఒకేసారి వెలిగించొద్దు. ఆర్పి, పూర్తిగా చల్లారాక వత్తిని మళ్లీ పావు అంగుళానికి కత్తిరించి వెలిగించండి. ఇలా అడుగున అర అంగుళం మైనం మిగిలేదాకా కొనసాగించాలి. మొదటి గంట చూసి బాగుందనుకుని వదిలేసేవారే ఎక్కువ. అసలు ప్రమాదం చివర్లో ఉంటుంది. మైనం తగ్గేకొద్దీ మంట గ్లాసు లోతుకు దిగుతుంది, గాలి సరిగా ఆడదు, గాజు అడుగుభాగం నేరుగా వేడెక్కుతుంది. గ్లాసు పగిలేదీ, కింద టీపాయ్ కాలేదీ ఎక్కువగా అప్పుడే. అందుకే చివరి అర అంగుళం వాడకుండా వదిలేయాలి.

వత్తి ఒక్కటే ఉండాలి

అలంకరణ కోసం మైనంలో ఎండిన గులాబీ రేకులు, దాల్చినచెక్క ముక్కలు, కాఫీ గింజలు పెడుతున్నారు. మైనం కరిగాక అవి మంట దగ్గరకు తేలి వస్తాయి. మైనంలో నానిన ఏ ఎండు పదార్థమైనా వత్తిలాగే అంటుకుంటుంది. అప్పుడు ఒక మంట ఉండాల్సిన గ్లాసులో మూడు నాలుగు మంటలు లేస్తాయి. కాల్చేసిన అగ్గిపుల్ల అందులో పడేసినా అంతే.

కొబ్బరి చిప్ప కొవ్వొత్తులు చూడముచ్చటగా ఉంటాయి. కానీ చిప్ప స్వయంగా మండే వస్తువు. పొయ్యి కింద పెట్టే చిప్పనే గిన్నెగా వాడుతున్నామని గుర్తుంచుకోండి. పలుచటి నీళ్ల గ్లాసులు, ప్లాస్టిక్ కప్పులు, పగులు చూపిన టీ కప్పులు కూడా వద్దు. వేడిని తట్టుకునే మందపాటి గాజు, స్టీలు మేలు.

రంగు కోసం క్రేయాన్లు కరిగిస్తే ఆ రంగుపొడి వత్తి సందుల్ని పూడ్చేస్తుంది. వంటల్లో వేసే నీటి రంగులు మైనంలో కలవవు. పైగా తడి ఉంటే మైనం చిటపటమని చిందుతుంది. ఒంటికి కొట్టుకునే సెంటులో ఆల్కహాల్ ఉంటుంది, భగ్గుమంటుంది. కొవ్వొత్తుల కోసం అమ్మే సువాసన నూనెను తూకం వేసి, అమ్మినవారు చెప్పిన పరిమితి లోపలే కలపండి. చాలా రకాల మైనాలకు అది 100 గ్రాములకు 6 నుంచి 10 గ్రాముల మధ్య ఉంటుంది. వాసన గుప్పుమనాలని ఇంకాస్త పోస్తే మసి పెరుగుతుంది.

ఎవరికి ముప్పు?

ఒక కొవ్వొత్తి వెలిగిస్తే జబ్బు వస్తుందని మిమ్మల్ని భయపెట్టను. గాలి ఆడే గదిలో, సరైన వత్తితో, ఎప్పుడో ఓసారి వెలిగించే కొవ్వొత్తితో ఆరోగ్యవంతులకు పెద్ద ఇబ్బంది ఉండదు. కానీ మన ఇళ్లలో అందరి ఊపిరితిత్తులు ఒకలా ఉండవు. ఆస్తమా ఉన్న పిల్లాడు, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊపిరితిత్తులు పాడుచేసుకున్న నాయనమ్మ, సీఓపీడీతో ఇన్‌హేలర్ వాడే మామగారు, పసిబిడ్డ.. వీళ్లకు మసి, ఘాటైన వాసన రెండూ పడవు. దగ్గు, ఆయాసం, పిల్లికూతలు మొదలవుతాయి. సరిగా మండని మంట నుంచి వచ్చే మసిలో పీఎం 2.5 అనే అతిసూక్ష్మ కణాలుంటాయి. ఇవి ఊపిరితిత్తుల లోతుల దాకా వెళ్తాయి. 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో ఇవి 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మన నగరాల్లో బయటి గాలే చాలా రోజులు ఆ హద్దు దాటుతోంది. ఏసీ వేసి, తలుపులు బిగించిన పడకగదిలో మసి కక్కే కొవ్వొత్తిని దానికి తోడు చేయడం ఎందుకు?

సోయా మైనం సహజమైనది, పొగ రాదు అన్న మాట తరచూ వింటుంటాను. ఏ మైనమైనా వత్తి సరిపడకపోతే మసి వస్తుంది. సహజమైన సుగంధ తైలమైనా ఆస్తమా ఉన్నవారికి పడకపోవచ్చు. కొవ్వొత్తి వెలిగించాక కళ్లు మండినా, తల నొప్పి పుట్టినా, గొంతు గరగరలాడినా ఆర్పేసి కిటికీ తెరవండి.

ఇక నిప్పు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న లెక్క ప్రకారం మన దేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఒక మోస్తరు నుంచి తీవ్రస్థాయి వరకు కాలిన గాయాలపాలవుతున్నారు. చీర కొంగు, చున్నీ, సింథటిక్ నైటీ.. వీటికి చిన్న మంట చాలు. కాలిన వార్డులో వారాల తరబడి పడే యాతన చూసినవారెవరూ మంటను అలంకరణ వస్తువుగా తేలిగ్గా తీసుకోలేరు.

పోసేటప్పుడూ జాగ్రత్త

మైనాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టకండి. నీళ్లు మరిగే గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. మధ్యలో ఫోన్ వచ్చిందని పక్కకు వెళ్లకండి. మైనం అంటుకుంటే నీళ్లు పోయొద్దు, మంట ఎగజిమ్ముతుంది. పొయ్యి ఆపి, మూత పెట్టేయండి. మిగిలిన మైనాన్ని సింకులో పోయకండి. పిల్లలు రంగులు ఎంచుకోవచ్చు, పేర్లు రాయొచ్చు. కరిగించి పోసే పని మాత్రం పెద్దవాళ్లదే.

వేడినీళ్లు పడితే చర్మం మీంచి జారిపోతాయి. మైనం అలా కాదు, అంటుకుని గట్టిపడేదాకా కాలుస్తూనే ఉంటుంది. ఒంటి మీద పడితే వెంటనే కుళాయి కింద పెట్టి, పారే మామూలు చల్లటి నీటితో 20 నిమిషాలు తడపండి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయండి. అతుక్కున్న మైనాన్ని బలవంతంగా పీకొద్దు, కింది చర్మం ఊడొస్తుంది. ఐస్, టూత్‌పేస్టు, పసుపు, సిరా, వెన్న ఏదీ రాయొద్దు. బొబ్బలు చిదమొద్దు. ముఖం, చేతులు, కీళ్లు కాలినా, గాయం అరచేతి కంటే పెద్దదైనా, కాలింది చిన్నపిల్లలైనా ఆసుపత్రికి రండి.

ఇంత హడావిడి అవసరమా?

యాభై రూపాయల కొవ్వొత్తికి ఇన్ని పరీక్షలా అని మీరనొచ్చు. తరతరాలుగా దీపాలు పెడుతున్నాం, ఏమైందని కూడా అడగొచ్చు. దేవుడి దగ్గర దీపం పెట్టినవారు దాని ఎదురుగానే కూర్చునేవారు. కాసేపు ఉండి నూనె అయ్యాక అది ఆరిపోయేది. సువాసన కొవ్వొత్తిని వెలిగించి మనం నిద్రపోతున్నాం, స్నానానికి వెళ్తున్నాం, సీరియల్ చూస్తున్నాం. అందులో పూటకు సరిపడా నూనె కాదు, ముప్పై నలభై గంటలు మండే మైనం ఉంటోంది. వస్తువు మారింది, వాడే తీరూ మారింది. జాగ్రత్త కూడా మారాలి కదా.

మూడు కొవ్వొత్తులు కాల్చేస్తే నష్టమని అమ్మేవారికి అనిపించొచ్చు. కూర ఉప్పు చూడకుండా వడ్డించం. ఉప్పు చూసిన ఆ గరిటెడు నష్టం కింద లెక్క వేయం. పరీక్షకు కాల్చిన వాటి ఖర్చును అమ్మే కొవ్వొత్తుల ధరలో కలపండి. డబ్బా మీద మైనం రకం, సెంటు పేరు, ఎన్ని గంటలు వెలుగుతుందో రాయండి. దాని కింద నాలుగు ముక్కలు చేర్చండి: వత్తిని పావు అంగుళానికి కత్తిరించాలి, నాలుగు గంటలకు మించొద్దు, ఒంటరిగా వదలొద్దు, అర అంగుళం మిగలగానే ఆపేయాలి. ఇంతచేస్తే మీ సరుకు మీద నమ్మకం పెరుగుతుంది.

కొనేవారికీ ఓ మాట. వాసన చూసి, రంగు చూసి బేరమాడే ముందు అమ్మే ఆవిడను అడగండి, ‘అమ్మా, దీన్ని చివరిదాకా వెలిగించి చూశారా?’ అని. చూశానని, ఏ వత్తి వేశానో, ఎన్ని గంటలు వెలిగిందో చెప్పగలిగితే ధైర్యంగా తీసుకోండి. చెప్పలేకపోతే కోప్పడకుండా, ఒకటి కాల్చి చూసి చెప్పమనండి. నాలుగిళ్లవారు అడగడం మొదలుపెడితే చేసేవారికి అదే అలవాటవుతుంది. ఇప్పటికే మీ ఇంట్లో కానుకగా వచ్చిన కొవ్వొత్తి ఉంటే ఈ వారం ఓ సాయంత్రం తీయండి. వత్తి కత్తిరించి, స్టీలు పళ్లెంలో పెట్టి, కిటికీ తెరిచి, ఎదురుగా కూర్చుని వెలిగించండి. మసి కనిపిస్తే దాన్ని అలంకరణకే ఉంచేయండి.

- రచయిత ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ వైద్యులు (ఎంబీబీఎస్, ఎండీ)